గాలం పట్టిన గురువు



మొన్న మా పొరుగింటి పిల్లవాడు ముఖం వేలాడేసుకొని వచ్చాడు. వాళ్ల బడిలో తలకోన యాత్ర రద్దయిందట. అడవి, నీళ్లు మనకెందుకని కొందరు తల్లిదండ్రులు అభ్యంతరం తెలుపగా, బదులుగా పట్నంలోని వినోదశాలకు తీసుకుపోతారట.

ఆ భయాన్ని నేను తేలికగా త్రోసిపుచ్చను. 2014 జూన్ 8న హిమాచల ప్రదేశంలోని బియాస్ నదిలో, లార్జి ఆనకట్ట నుండి ఒక్కసారిగా వదిలిన నీటిలో, విహారానికి వెళ్లిన హైదరాబాదు ఇంజనీరింగు విద్యార్థులు 24 మంది కొట్టుకుపోయారు. ఆ వార్త విన్న ఏ తల్లి మాత్రం బిడ్డను ఏటి ఒడ్డుకు పంపుతుంది? అయితే ఆ భయానికి మనం వెదకిన మందు సరియైనదేనా అన్నదే నా సందేహం.

నా అనుభవం ఒకటి మనవి చేస్తాను. 1994లో సంక్రాంతి వెళ్లిన వారం, తొమ్మిదవ తరగతి పిల్లలను చంద్రగిరికి పడమట ఒక ఊరి చెరువుకు, అక్కడి నుండి కొండవార దారిలో నడకకు తీసుకుపోయాను. చెరువు వేలం పాడుకున్నవారు పిల్లలు గాలాలు వేసుకోవడానికి దయతో ఒప్పుకున్నారు. నేనేమో ముందునాడే అమరకోశంలోని మత్స్య పర్యాయపదాలు వల్లె వేయించాను. ఝషం, మీనం, విసారం, వైసారిణం అంటూ పిల్లలు గడగడా అప్పజెప్పారు. తీరా గాలానికి చేప పడితే అదేమిటో చెప్పగలవాడు ఒక్కడే. అర్ధ సంవత్సర పరీక్షలో తెలుగున పద్దెనిమిది మార్కులు తెచ్చుకున్నవాడు. వాడి ప్రగతి పత్రంలో "శ్రద్ధ లేదు" అని వ్రాసింది నేనే.

"ఇది కొరమీను సార్. తల పాము మాదిరి ఉంటాది, చూడండి" అన్నాడు. జెల్ల ముల్లు గుచ్చుకోకుండా ఎట్లా పట్టుకోవాలో తోటివారికి చూపాడు. బెండు ఊగితే గాలం లాగరాదనీ, మునిగితేనే లాగాలనీ చెప్పాడు. వానల్లో నీటిపై ఎర్రని పిల్లల గుంపు కనబడితే, క్రింద తల్లి కాపలా ఉంటుంది గనుక అక్కడ గాలం వేయరాదని వాళ్ల తాత చెప్పాడట. చేపలు పట్టించడం హింస కాదా అని అడుగబోయే మిత్రులకు, శాకాహారినైన నేను ఈ మాటనే జవాబుగా ఇస్తున్నాను. పట్టరానిది ఏదో తెలిసినవాడు ఆ పిల్లవాడు.

ఇంతలో నేను కాళ్లు కడుగుకోవడానికి తూము వైపు నడిచాను. "ఆడికి పోవద్దు సార్! బురద లాగేస్తాది" అని అరచి, కర్ర దింపి చూపాడు. కర్ర సగానికి పైగా దిగిపోయింది. నా వెనుక పదిమంది పిల్లలున్నారు.

మధ్యాహ్నం కొండదారిలోనూ అంతే. చందనాన్ని పద్యాలలో ఎన్నిమార్లు వర్ణించి చెప్పానో లెక్కలేదు. మొసలి వీపు వలె పగిలిన బెరడు గల ఎర్రచందనపు చెట్టు ప్రక్కనే నిలుచుండి గుర్తించలేకపోయాను. వాడే చూపించాడు.

కనుక నేననేది, యాత్రలు మానరాదు. ఆ నీటినీ ఆ దారినీ ఎరిగినవారు ముందు నడవకుండా మాత్రం యాత్ర చేయరాదు. ఎగువన ఆనకట్ట ఉన్నదా, నీరు ఎప్పుడు వదులుతారు, ఎక్కడ లోతు అన్నవి పాఠంలో మొదటి ప్రశ్నలు కావాలి. 2010లో జీవావరణ పరిరక్షణ ప్రాంతంగా ప్రకటించిన శేషాచలంలో అనుమతి లేనిదే అడుగు పెట్టరాదు. అక్కడ గాలం వేయరాదు, ఆకు త్రుంపరాదు. గాలం సరదా ఊరి చెరువులో, హక్కుదారుల సమ్మతితోనే తీరాలి. పిల్లలకు ఈ కట్టుబాట్లు కూడ చదువే.

2021 నవంబరు వానలకు రాయలచెరువు కట్ట లీకవుతున్నదని దిగువ ఊళ్లవారిని ఖాళీ చేయించారు. అటువంటి నాడు తూము ఏది, మరవ ఏది, కట్ట ఏ చోట బలహీనం అన్నది ఎరిగినవారు ఊరికి ఎంత అవసరమో వేరే చెప్పనక్కరలేదు. ఆ ఎరుక వినోదశాలలోని నీలిరంగు తొట్టిలో దొరకదు. భయపడి పిల్లలను నీటికి దూరం చేస్తే, నీరు వారి గుమ్మం త్రొక్కిన నాడు వారికి తోచేదేమి?

ఆ సాయంత్రం తిరిగి వస్తూ వాణ్ణి మెచ్చుకున్నాను గాని, ప్రగతి పత్రంలోని మాటను దిద్దలేదు. దిద్దే గడి అందులో లేదని సరిపెట్టుకున్నాను. ఆ వేసవి సెలవుల తరువాత వాడు బడికి రాలేదు. ఎందుకు మానాడో కనుక్కోవలసిన బాధ్యత నాది, కనుక్కోలేదు. శ్రద్ధ లేనిది ఎవరికో ఇప్పుడు తెలుస్తున్నది.

పొరుగింటి పిల్లవాడి బడి పెద్దలతో రేపు మాట్లాడదలచాను. తలకోనకు పంపితే, అక్కడి అడవి ఎరిగిన మనిషిని ఒకరిని ముందే కుదుర్చుకొని, ఆ ఒక్కరోజు పంతుళ్లు కూడ ఆయన వెనుక నడవాలని చెబుతాను. మీ ఊళ్లలో ఇటువంటి ప్రయత్నాలు జరిగి ఉంటే తెలుపగలరు. వెంట పట్టుకుపోతాను.