వేడి అని సరిపెట్టుకోకండి

ఈ వారం ఉత్తరాల కట్టలో ఊరూ పేరూ లేనిదొకటి వుంది. “అక్కయ్యగారూ, నెలసరి వచ్చిందంటే మూత్రానికి వెళ్ళినప్పుడల్లా ప్రాణాలు తోడేస్తున్నట్టుంటుంది. పరీక్షలో ఏమీ లేదన్నారు. మా అత్తగారు వేడి చేసిందంటున్నారు. మీరేమంటారు?” అని అడిగిందొక సోదరి.

కొన్నేళ్ళ క్రితమయితే నేనూ ఆ అత్తగారి మాటే అనేదాన్ని. అన్నాను కూడా! మా పిన్ని కూతురు ఇదే బాధ చెప్పుకుంటే, “బార్లీనీళ్ళు తాగు, ఊరగాయ మానెయ్యి” అని పెద్దరికం వెలగబెట్టాను. పాపం, అలాగే చేసింది. పెళ్ళికి వెళితే పెళ్ళికూతురికంటె ముందు స్నానాలగది ఎక్కడుందో చూసుకునేది. బస్సు ప్రయాణమంటే ముందునాటినుంచే మంచినీళ్ళు మానేసేది. డాక్టర్లు క్రిములు చచ్చే మాత్రలిచ్చేవారు. నాలుగు రోజులకు బాధ తగ్గేది. తగ్గింది మాత్రలవల్ల కాదు, ముట్టు అయిపోవడంవల్ల అని మాకెవరికీ తట్టలేదు.

చివరకు గుట్టు బయటపెట్టింది వంటింటి కాలెండరు. పాలు రాని రోజుకు సున్నా చుట్టడం ఆమె అలవాటు. ఆ పక్కనే ముట్టు తేదీలూ, మూత్రం బాధపెట్టిన తేదీలూ గుర్తుపెట్టింది. నాలుగు నెలలు తిరిగేసరికి రెండూ జంటగా కనిపించాయి. అది చూశాకనే స్త్రీల డాక్టరమ్మ అసలు జబ్బును అనుమానించింది.

దాని పేరు ఎండోమెట్రియోసిస్. గర్భసంచి లోపలి పొరవంటిదే సంచి బయట పెరగడం. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కన, పిల్లలు పుట్టే వయసు స్త్రీలలో 100కి సుమారు 10 మందికి ఈ జబ్బు వుంది. మూత్రాశయం గర్భసంచికి ముందుభాగాన ఆనుకునే వుంటుంది. ఆ పొర దాని గోడలో నాటుకుంటే ముట్టు రోజుల్లో వాచి ఒరిపిడి పెడుతుంది. మాటిమాటికీ వెళ్ళాలనిపించడం, మూత్రం నిండుతుంటే నొప్పి, కొందరికి రక్తపు జీర కనబడతాయి. కొందరికి బాధ తక్కిన రోజుల్లోనూ వుంటుంది. క్రిములు వుండవు గనుక కల్చరు పరీక్షలో ఏమీ తేలదు. మూత్రాశయానికి పాకడం కొద్దిమందిలోనే గనుక చాలామందికి ఈ ఆలోచనే రాదు.

అశ్రద్ధ మాత్రం పనికిరాదు. మూత్రపిండంనుంచి దిగే నాళాన్ని ఈ పొర బిగిస్తే, నొప్పయినా తెలియకుండా మూత్రపిండం పాడుకావచ్చు.

అల్ట్రాసౌండు, ఎం.ఆర్.ఐ., అవసరమైతే సన్నని గొట్టంతో మూత్రాశయంలోకి చూడడం - ఇవీ పరీక్షలు. చాలామందికి హార్మోను మాత్రలతో బాధ తగ్గుతుంది. తగ్గకపోతే చెడిన ముక్కవరకు కోసి కుట్టే ఆపరేషను వుంది. పిల్లలు కావాలనుకునేవారు మాత్రలు మొదలుపెట్టకముందే ఆ మాట డాక్టరుతో చెప్పాలి. “ఒక కాన్పయితే అదే పోతుంది” అనేవారి మాట నమ్మకండి.

ప్రతి మంటా ఇదే అని భయపడనక్కరలేదు. చలిజ్వరం వచ్చినా, రక్తం కనిపించినా కాలెండరు చూస్తూ కూర్చోక వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్ళాలి.

చెల్లెలా, నువ్వూ తేదీలు రాసుకో. మూత్రం సంగతి ఒక డాక్టరుకూ, ముట్టు సంగతి మరొకరికీ చెప్పక, రెండూ ఒకరికే చెప్పు. సిగ్గుపడకు.

మా పిన్ని కూతురు మొన్న బస్సులో మా ఇంటికి వచ్చింది. సీసాలో నీళ్ళు దారిలోనే తాగేసిందట. నేను బార్లీనీళ్ళ ఊసెత్తలేదు.