నాటకానికి బ్యాకప్ ఏదీ?

"సినిమా వచ్చింది కదా, మళ్ళీ ఆ పాత నాటకం వీడియో చూడటమెందుకు?" అని మొన్న లంచ్ దగ్గర మా టీంలో ఒకడు అడిగాడు. అప్పటికి నవ్వేసి ఊరుకున్నా గానీ, సీటు దగ్గరకొచ్చాక కూడా ఆ ప్రశ్న వదల్లేదు. బిల్డ్ అవుతున్నంతసేపూ అదే ఆలోచన. వాడికి అప్పుడు చెప్పలేకపోయిన జవాబు ఇదిగో.

వాడన్న నాటకం 'ఇన్‌ టు ద వుడ్స్'. పాటలు స్టీఫెన్ సాండ్‌హైమ్‌వి, రచన, దర్శకత్వం జేమ్స్ లపైన్. 1987 నవంబర్లో బ్రాడ్‌వేలో మొదలైంది. సిండ్రెల్లా, ఎర్ర టోపీ పిల్ల, చిక్కుడు పాదెక్కే జాక్.. మన పిల్లలు ఒకటో తరగతిలో చదువుకునే కథలన్నీ ఒకే అడవిలో కలుస్తాయి. మొదటి అంకం చివరికి అందరి కోరికలూ తీరి కథ కంచికి పోతుంది. రెండో అంకంలో ఆ కోరికలు తీర్చుకోడానికి చేసిన పనులన్నిటికీ లెక్క తేలుతుంది. 1989లో నాటకం మూతపడటానికి కొన్ని నెలల ముందు, మొదటి తారాగణంలో ఎక్కువమందిని మళ్ళీ ఒకచోట చేర్చి, అదే థియేటర్లో కెమెరాలు పెట్టి తీశారు. 1991లో అమెరికా పబ్లిక్ టీవీ పీబీఎస్‌లో వేశారు. తర్వాత 2014లో డిస్నీ వాళ్ళు పెద్ద పెద్ద తారలతో దాన్నే సినిమాగా తీశారు.

సినిమా బాగోలేదని కాదు. అడవి నిజం అడవిలా ఉంటుంది, ఫోటోగ్రఫీ బావుంటుంది. కానీ కథలోంచి రెండు ముఖ్యమైన భాగాలు ఎగిరిపోయాయి.

మొదటిది: నాటకంలో ఎర్ర టోపీ పిల్ల వెంటపడే తోడేలూ, సిండ్రెల్లాని పెళ్ళాడే రాజకుమారుడూ ఒకే నటుడు, రాబర్ట్ వెస్టెన్‌బర్గ్. మొదటి అంకంలో ఇది మామూలు డబల్ యాక్షన్‌లాగే ఉంటుంది. రెండో అంకంలో ఆ రాకుమారుడు పెళ్ళయ్యాక కూడా అడవిలో ఇంకొకరి భార్యని మాటలతో మాయచేస్తుంటే, "ఓరినీ.. వీడు ఆ తోడేలే కదా" అని మనకి వెలుగుతుంది. ఒక్క డైలాగు లేకుండా, కేవలం ఎవరికి ఏ వేషం ఇచ్చారనే దాంతో చెప్పిన సంగతి. సినిమాలో తోడేలు జానీ డెప్, రాకుమారుడు క్రిస్ పైన్. ఇద్దరూ బానే చేశారు గానీ, ఆ వెలుగు లేదు.

రెండోది: నాటకంలో ఒక సూత్రధారుడు ఉంటాడు. సూటు వేసుకుని పక్కన నిలబడి కథ చెప్తుంటాడు. రెండో అంకంలో రాక్షసి వచ్చి ఎవరో ఒకర్ని అప్పగించమంటే, పాత్రలన్నీ తలతిప్పి ఆయన వంక చూస్తాయి! ప్రేక్షకులు పగలబడి నవ్వుతారు. తర్వాత ఆయన్ని నిజంగానే బలిచ్చేసరికి కథ చెప్పేవాడు లేక పాత్రలు దిక్కుతోచక నిలబడతాయి. సినిమాలో ఈ సూత్రధారుడే లేడు, రొట్టెలు చేసేవాడి గొంతుతో కథ చెప్పించారు. కాబట్టి ఆ సీనూ లేదు.

అంటే, స్టేజీ కోసం రాసిన దాన్ని సినిమాలోకి పోర్ట్ చేస్తే, పాత ప్లాట్‌ఫాం మీద మాత్రమే పనిచేసే ఫీచర్లు పోతాయన్నమాట. రికార్డింగులో అవి పోవు. మా వాడి ప్రశ్నకి సగం జవాబు ఇదే.

"మరి నాటకమంటే హాల్లో కూర్చుని చూడాలి గానీ, ఇంట్లో సోఫాలో ఏంటి?" అనేవాళ్ళు ఇంకో రకం. వీళ్ళ మాటలో నిజం ఉంది. హాల్లో ఎటు చూడాలో మనిష్టం. వీడియోలో ఆ హక్కు ఎడిటర్‌ది. 'హామిల్టన్' తీసుకోండి. 2016 జూన్‌లో మూడు రోజుల పాటు తీశారు, కొంత ప్రేక్షకుల ముందు, కొంత ఖాళీ హాల్లో దగ్గర షాట్ల కోసం. 2020 జులై 3న డిస్నీ ప్లస్‌లో వచ్చింది. అందులో స్టేజీ మధ్య గుండ్రంగా తిరుగుతూ ఉంటుంది, దాని మీద బృందం అంతా ఏదో ఒకటి చేస్తూనే ఉంటుంది. కెమెరా ఒక మొహం దగ్గరకి వెళ్ళిందంటే మిగతా స్టేజీ మనకి లేనట్టే.

కానీ ఇచ్చేదీ ఉంది. రాజుగారి వేషంలో జొనాథన్ గ్రాఫ్ పాడుతుంటే నోట్లోంచి తుంపర్లు పడి గడ్డం మీదకి కారడం కూడా కనిపిస్తుంది :) వెనక వరసలో కూర్చున్నవాడికి ఎంత డబ్బు పోసినా అది కనబడదు. పైగా మనలాంటి వాళ్ళకి సబ్‌టైటిల్స్ అనే వరం ఒకటి. ఆ వేగంతో దూసుకొచ్చే ఇంగ్లీషు ర్యాప్ హాల్లో మొదటిసారి వింటే నాకు సగం అర్థమవుతుందేమో. ఇంట్లో ప్రతి మాటా అందుతుంది. ఒక్క షరతు.. మధ్యలో పాజ్ కొట్టకూడదు, ఫోన్ పక్క గదిలో పెట్టాలి. విశ్రాంతి వచ్చినప్పుడే టీ.

ఇక అసలు సంగతి. హాల్లోనే చూడాలి, సరే. ఎలా చూడటం? 'హామిల్టన్' ఆడే రిచర్డ్ రాడ్జర్స్ థియేటర్లో ఉన్నవి 1300 పైచిలుకు సీట్లు. 'ఇన్‌ టు ద వుడ్స్' మొదటి ప్రదర్శన 1989లోనే మూతపడింది. దానికి టిక్కెట్టు ఇప్పుడు ఏ కౌంటర్లో అమ్ముతారు? బేకర్ భార్యగా వేసి 1988లో టోనీ అవార్డు గెల్చుకున్న జోఆనా గ్లీసన్ ఎలా చేసిందో చూడాలంటే ఆ రికార్డింగు ఒక్కటే గతి.

రికార్డింగులు లేకపోలేదు, అదే అసలు బాధ. న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీ వాళ్ళు లింకన్ సెంటర్లో 1970 నుంచీ బ్రాడ్‌వే నాటకాలు రికార్డు చేసి దాస్తున్నారు. బెట్టీ కార్విన్ అనే ఆవిడ నటుల సంఘాలు, సంగీతకారుల సంఘాలు అన్నిటినీ ఒప్పించి మొదలుపెట్టిన పని అది. కాకపోతే ఆ ఒప్పందాల ప్రకారం ముందుగా సమయం తీసుకుని, అధ్యయనం కోసమని చెప్పి, అక్కడికే వెళ్ళి చూడాలి. బ్యాకప్ బ్రహ్మాండంగా తీశారు, రిస్టోర్ చేసే పర్మిషన్ మాత్రం ఎవరికీ లేదు.

నటులకీ, వాద్యకారులకీ రావాల్సిన డబ్బు రావాలి. అందులో నాకు రెండో మాట లేదు. కానీ వీడియో బయటకొస్తే టిక్కెట్లు తెగవనే భయం మాత్రం నిలబడేది కాదు. 'హామిల్టన్' వీడియో 2020లో ఇంటింటికీ వెళ్ళింది. 2021 సెప్టెంబర్లో థియేటర్ మళ్ళీ తెరిచారు, నాటకం ఆడుతూనే వచ్చింది, 2025లో పదేళ్ళ పండగ చేసుకుంది. అదే ఏడాది ఆ పాత వీడియోనే సినిమా హాళ్ళలో వేస్తే అక్కడికీ జనం వెళ్ళారు. అన్ని నాటకాలకీ ఇంత గిరాకీ ఉండకపోవచ్చు. కానీ మూతపడి ముప్ఫై ఏళ్ళయిన నాటకానికి ఇంకా పోయేదేముంది? కనీసం వాటినైనా లెక్కలు తేల్చి బయట పెట్టొచ్చు కదా.

ఇదంతా వాళ్ళ గొడవ, మనకెందుకు అంటారా? పాటా మాటా కలిసి నడిచే నాటకం మనకి కొత్తా? 1885లో కడప జిల్లాలో 'కీచక వధ'తో మొదలైన సురభి మనదే. కృష్ణుడి వేషంలో పీసపాటి, షణ్ముఖి పద్యం ఎత్తుకుంటే వన్స్‌మోర్లు కొట్టిన తాతలూ మనవాళ్ళే. నా తరంలో చాలామందికి ఆ మహానుభావులు క్యాసెట్లలో గొంతులు గానే తెలుసు. పద్యం వింటాం. ఆ పద్యం పాడుతూ ఆయన ఎటు తిరిగాడు, చెయ్యి ఎలా తిప్పాడు, ఎదురుగా ఉన్న దుర్యోధనుడి మొహం ఎలా మారింది.. ఇవేవీ ఆ టేపులో లేవు. గొంతు మిగిలింది, నాటకం పోయింది.

ఇప్పుడు మంచి కెమెరా ప్రతి జేబులోనూ ఉంది. ఎప్పుడైనా సురభి వాళ్ళ 'మాయాబజార్' ఆడుతుంటే వెళ్ళండి, టిక్కెట్టు కొనండి, ముందు వరసలో కూర్చోండి. వీలుంటే వాళ్ళ అనుమతి తీసుకుని, వాళ్ళకివ్వాల్సింది ఇచ్చి, నాలుగైదు కెమెరాలతో మొదటి గంట నుంచి మంగళం దాకా తీయించే పని నలుగురం కలిసి పెట్టుకుందాం. హార్మోనియం శ్రుతి, పిల్లల ఏడుపులు, ఈలలు అన్నీ ఉండనిచ్చి. ఆఫీసులో సర్వర్ పడిపోయాక బ్యాకప్ గురించి మీటింగ్ పెట్టేవాడిని చూసి నవ్వుకుంటాం. ఈ విషయంలో మనం చేస్తున్నదీ సరిగ్గా అదే.