జమా ఖర్చు: పికప్ బండికి దారి చూపే తెర

క్రితం సంచికలో బంగారం మీద అప్పుల గురించి వ్రాశాను. వచ్చేసారి బండ్ల అప్పుల గురించి వ్రాయమని ఒకరిద్దరు ఉత్తరం వ్రాశారు, ఫోను చేసినవారు ఇంకా ఎక్కువమంది. సరే వ్రాద్దామని కూర్చునేసరికి మా ఇంట్లోనే ఒక బండి వ్యవహారం వచ్చి పడింది. కాబట్టి సిద్ధాంతాలు పక్కన పెట్టి, జరిగిందే చెబుతాను.

మా అక్కగారిది హోసూరు దగ్గర, దేన్కనికోట పోయే దారిలో ఒక పల్లె. బావగారు పోయి నాలుగేళ్లయింది. మా మేనల్లుడు గులాబీ తోట చూసుకుంటున్నాడు. పూలను కట్టలు కట్టి, అట్టపెట్టెల్లో సర్ది, రాత్రి ఒంటిగంటకు బండి ఎత్తితే తెల్లారకముందే బెంగళూరు కె.ఆర్. మార్కెట్టుకు చేరాలి. ఎండ పొడిస్తే పువ్వు ధర పడిపోతుంది. ఇన్నాళ్లూ ఆ పని చేసింది 2012లో బావగారు కొన్న దోస్త్ బండి. 2011లో ఆ మోడల్ మొదలైనప్పుడు మన హోసూరు అశోక్ లేలాండ్ కర్మాగారంలోనే తయారయ్యేది. అందుకని బావగారు దాన్ని "మన ఊరి బిడ్డ" అనేవారు. పన్నెండేళ్లకు పైగా మోసి మోసి ఆ బిడ్డకు ఇప్పుడు నడుము పోయింది.

"మామా, ఈసారి టాప్ మోడలే తీసుకుందాం. కంపెనీవాళ్లే నావిగేషన్ పెట్టి ఇస్తున్నారు" అన్నాడు మేనల్లుడు, షోరూం ఇచ్చిన కొటేషన్ నా బల్ల మీద పెట్టి. ఏ కంపెనీ అన్నది ఇక్కడ అవసరం లేదు. మూడు రకాలున్నాయి. కింది రకంలో ఇంజను, చక్రాలు, బాడీ తప్ప ఏమీ లేదు. మధ్య రకంలో ఏసీ, కాస్త మంచి సీటు. దాని ధర 45 వేలు ఎక్కువ. పై రకంలో వీటితో పాటు పెద్ద తెర, వెనక కెమెరా, బండి రంగులోనే బంపరు, ముందువైపు మెరిసే పట్టీలు, స్టీరింగు మీద మీటలు. మధ్య రకానికి పైన సరిగ్గా లక్ష.

ఈ కాలంలో చిన్న సరుకుల బండ్లలో కూడా ఇలాంటి హంగులు వచ్చేశాయి. 2022 ఆగస్టులో వచ్చిన మహీంద్రా బొలెరో మ్యాక్స్ పికప్పులో, బండి ఎక్కడుందో ఇంటి నుంచి ఫోనులో చూసుకునే ఏర్పాటు పెట్టారు. 2024 సెప్టెంబరులో వచ్చిన వీరోలో పై రకానికి 10.25 అంగుళాల తెర ఇచ్చారు. అంటే మా వాడు అడిగింది గొంతెమ్మ కోరిక ఏమీ కాదు.

పైగా వాడికి ఒక న్యాయమైన కారణం ఉంది. మార్కెట్టు దారి మా డ్రైవరుకు కళ్లు మూసుకున్నా తెలుసు. కానీ ఏడాదిగా పెళ్లి మండపాల అలంకరణ చేసేవాళ్లు నేరుగా పూలు తెప్పించుకుంటున్నారు. ధర బాగా వస్తుంది. ఆ మండపాలు ఒకరోజు యలహంకలో, మరొకరోజు కెంగేరిలో. అర్ధరాత్రి దారి అడగడానికి మనిషి దొరకడు. ఒకసారి మండపం దొరక్క గంటన్నర తిరిగారట. ఆ రోజు పూలకు సగం డబ్బే చేతికొచ్చింది.

నేను మాత్రం కొటేషన్ చూడగానే "కింది రకం చాలు" అనేశాను. నా అనుభవం అలాంటిది మరి. 2013లో నేను కారు కొన్నప్పుడు, లోపలే నావిగేషన్ ఉందని అరవై వేలు ఎక్కువ పెట్టి టాప్ మోడల్ తీసుకున్నాను. మొదటి ఏడాది వచ్చినవాళ్లందరికీ చూపించి మురిసిపోయాను. మూడేళ్లకు కర్నూలు వైపు పెళ్లికి వెళ్తూ కొత్త బైపాస్ ఎక్కితే, మేము చేలో పడి నడుస్తున్నట్టు చూపించింది ఆ తెర. వెనక్కి తిరగమని ఒకటే గోల. మా ఆవిడ ఇప్పటికీ ఆ పొలం ఊసెత్తుతూనే ఉంటుంది. కొత్త పటం వేయించుకోవాలంటే ఎంతవుతుందని అడిగితే, వాళ్లు చెప్పిన డబ్బుకు మంచి ఫోనే వచ్చేది. ఆరేళ్లకు అమ్మబోతే, కొన్నాయన ఎన్ని కిలోమీటర్లు తిరిగిందీ, టైర్లు ఎలా ఉన్నాయీ అని అడిగాడే గాని, తెర వంక కూడా చూడలేదు.

అసలు జరిగే పని ఏమంటే, ఆకాశంలో ఉపగ్రహాలకు మన రోడ్లు తెలియవు. కనీసం నాలుగు ఉపగ్రహాల నుంచి వచ్చే సంకేతాల కాలాన్ని లెక్కగట్టి, నువ్వు ఫలానా చోట ఉన్నావని మాత్రం యంత్రం తేల్చుకుంటుంది. ఆ చోటు రోడ్డా, చేనా అన్నది చెప్పేది పటం. అమెరికావాళ్లు జీపీఎస్ సంకేతాన్ని పౌరులకు కావాలని మసకబార్చి ఇచ్చే పద్ధతిని 2000 మే నెలలో మానేశారు. మన దేశానికి సొంతమైన నావిక్ వరుసలో మొదటి ఉపగ్రహం 2013 జులై 1న మన శ్రీహరికోట నుంచే ఎగిరింది. ఆకాశంలో లోటు లేదు. లోటంతా పటం పాతబడటంలో ఉంది. ఫోనులో పటం ఎప్పటికప్పుడు మారుతుంటుంది. బండిలో ఇమిడిపోయిన పటం, ఎవరో వచ్చి మార్చేదాకా కొన్ననాటి లోకంలోనే ఉంటుంది.

అలాగని కంపెనీ తెరను తీసిపారేయను. ఫోను సిగ్నలు అందని అడవి దారుల్లో పటం బండిలోనే ఉంటే మేలు. ఎండకు ఫోను కాగి ఆరిపోయే బాధ దానికి లేదు. కొన్ని బండ్లలో చక్రాల వేగాన్ని కూడా లెక్కలోకి తీసుకుంటుంది గనుక సొరంగంలోనూ దారి తప్పదు. కానీ కొనేముందు అడగవలసినవి అడగాలి. షోరూంలో నేనడిగాను. "బాబూ, పటం ఈ పెట్టెలోనే ఉందా, లేక మా ఫోనులో ఉన్నదాన్నే ఇది పెద్దది చేసి చూపిస్తుందా?" ఆ కుర్రాడు నిజాయితీపరుడు. "ఫోను కలపాలి సార్" అన్నాడు. అంటే లక్ష పెట్టి కొన్నా దారి చూపేది మా ఫోనే! కాగితం మీద మాత్రం 'నావిగేషన్' అనే ఉంది. బండి ఎక్కడుందో చూసే సేవ కూడా మొదటి కొన్నేళ్లే ఉచితం, తరువాత ఏటా చందా కట్టాలని చిన్న అక్షరాల్లో ఉంది. కొటేషన్లో చిన్న అక్షరాలు ముందు చదవడం మా బ్యాంకువాళ్లకు అలవాటు.

ఇక నాకు తెలిసిన లెక్క. లక్ష రూపాయలను 10 శాతం వడ్డీకి అయిదేళ్ల వాయిదాల్లో తీర్చితే నెలకు దాదాపు 2,125 రూపాయలు. మొత్తం కట్టేది 1,27,482. అదే బండికి బీమావాళ్లు కట్టే విలువ మొదటి ఏడాది చివరికే 15 శాతం తరుగుతుంది. రెండో ఏడాది 20, మూడో ఏడాది 30, నాలుగో ఏడాది 40, అయిదో ఏడాది 50 శాతం తరుగు. అంటే మనం లక్షా ఇరవై ఏడు వేలు కట్టేసరికి, బీమా కాగితంలో ఆ హంగుల విలువ యాభై వేలు. అమ్మకంలో అదీ రాదు. జీఎస్టీ సంగతి కూడా మేనల్లుడు అడిగాడు. సరుకుల బండ్ల మీద పన్ను 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం నుంచి 18కి తగ్గింది. సంతోషమే. వ్యాపారస్థులు ఆ పన్నును తమ అమ్మకాల పన్నులో తగ్గించుకోవచ్చు. కానీ తాజా పూలకు జీఎస్టీయే లేదు, కాబట్టి మా వాడికి తగ్గించుకోవడానికి ఏమీ ఉండదు. కట్టినది కట్టినట్టే.

బయట తెర కొని బిగించుకుంటే చవక కదా అని కొందరంటారు. నిజమే. కానీ వైర్లు కోసి అతికిస్తే వారంటీకి పేచీ పెడతారు. బీమాలో ఆ వస్తువును విడిగా చూపించి అదనపు ప్రీమియం కట్టకపోతే, ప్రమాదంలో పగిలినప్పుడు ఒక్క రూపాయి రాదు.

లెక్క ఇక్కడిదాకా వచ్చాక కూడా మేనల్లుడు మెత్తబడలేదు. "నాన్న అన్నీ చవకవే కొన్నాడు మామా. ఒక్కసారన్నా మంచిది కొనకూడదా?" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు. ఆ సాయంత్రం మా అక్క వంటింట్లోకి పిలిచి, గుడ్డలో చుట్టిన రెండు గాజులు నా చేతిలో పెట్టింది. "వాడి ముచ్చట తీర్చరా తమ్ముడూ. మార్జిను డబ్బు తక్కువైతే వీటిని పెట్టు" అంది. అవి బావగారు మొదటి పూల డబ్బుతో చేయించినవి. బంగారు రుణం ఎప్పుడు తీసుకోవాలి, ఎప్పుడు తీసుకోకూడదు అని మూడు నెలల క్రితం ఇదే పేజీలో పెద్దమనిషిలా వ్రాసింది నేనే కదా! ఆ గాజులు పట్టుకుని నిలబడటం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది.

మర్నాడు షోరూంకు డ్రైవరును కూడా తీసుకువెళ్లాం. ఆ మాట ముందే తట్టనందుకు సిగ్గుపడ్డాను. పదకొండేళ్లుగా ఆయనే ఆ బండి నడుపుతున్నాడు. వయసు యాభై దాటింది. ఇంగ్లీషు అక్షరం రాదు. తెలుగు, కన్నడం, అరవం మూడూ కలిపి మాట్లాడతాడు. ఆయన తెర జోలికే పోలేదు. వెనక బాడీ ఎత్తు చేత్తో కొలిచాడు, స్టెప్నీ ఎక్కడుందో వంగి చూశాడు, అద్దాలు తిప్పి చూశాడు. తరువాత సీటెక్కి కూర్చుని ఇంజను వేయించాడు. అడిగితే గాని నోరు విప్పలేదు.

"సార్, పోయేటప్పుడు చల్లగానే ఉంటుంది. వచ్చేటప్పుడే కష్టం. పదకొండు గంటలకు ఎలక్ట్రానిక్ సిటీ కాడ నిలబడిపోతాం. కింద ఇంజను, పైన ఎండ. అద్దం దించితే పొగ, ఎత్తితే ఉడికిపోతాం. రాత్రంతా నిద్ర లేదు గదా, కళ్లు మూసుకుపోతాయి. పోయిన వేసవిలో అత్తిబెలె దాటినాక రెండుసార్లు తూగినాను. అయ్యగారికి చెప్పలేదు."

మేనల్లుడు ముఖం తెల్లబోయింది. వారానికి రెండు మూడు రోజులు వాడూ ఆ పక్క సీట్లోనే కూర్చుని వెళ్తాడు.

కింది రకం చాలన్న నా మాట అక్కడితో పోయింది. 45 వేలు మిగిల్చి ఆ మనిషిని ఆ వేడిలో కూర్చోబెట్టబోయాను నేను. మూడున్నర టన్నులు మించిన లారీలకు 2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే వాటిలో డ్రైవరు క్యాబిన్‌కు ఏసీ తప్పనిసరి చేశారు. ఆ లోపు బరువుండే చిన్న బండ్లకు ఆ నిబంధన లేదు. అంటే చిన్న బండి కొనే యజమానే నిర్ణయించాలి. దారి చూపేదాన్ని రేపైనా కొనుక్కోవచ్చు. ఏసీ, సీటు, బాడీ పొడవు, మోసే బరువు లాంటివి ఫ్యాక్టరీ నుంచి రావలసిందే. తరువాత అతికిస్తే అతకవు.

నావిగేషన్ పరీక్ష కూడా చేశాం. టాప్ మోడల్ బండిలో ఒక చుట్టు తిరిగితే, ఆ తెర ఇంగ్లీషులో చెప్పింది. మా డ్రైవరుకు ఒక్క ముక్క అర్థం కాలేదు. అప్పుడు మేనల్లుడు తన ఫోనులో గూగుల్ పటం తీసి భాష మార్చాడు. 2018 మార్చి నుంచే అది తెలుగులో దారి చెబుతోంది. ఎడమ, కుడి అని వినగానే ఆయన ముఖం విప్పారింది. "ఇది చాలు చిన్నయ్యా" అన్నాడు. అయితే ఒకటి. ఫోను పటం సరుకుల బండిని చూసి దారి చెప్పదు. కార్లు పోయే ఇరుకు సందుల్లోకి పంపిస్తుంది. ఆ సంగతి ఆయనకు చెప్పి, అనుమానం వస్తే పెద్దరోడ్డు వదలవద్దన్నాం.

మధ్య రకం బండి తీసుకున్నాం. అప్పు నా బ్రాంచిలో కాదు. బంధువుల కాగితం మీద నేను సంతకం పెట్టకూడదు గనుక వేరే బ్రాంచికి పంపాను. గాజులు అక్క చేతికే తిరిగి వెళ్లాయి. ఫోను పెట్టుకునే స్టాండు, చార్జింగు తీగ కలిపి వెయ్యి రూపాయల లోపే అయ్యాయి. మేనల్లుడు నాతో రెండు వారాలు ముభావంగానే ఉన్నాడు. ముందువైపు మెరిసే పట్టీలు మాత్రం బయట వేయించుకున్నాడట. నేను చూడనట్టే ఉన్నాను.

మొన్న పూజకు వెళ్తే అక్కను కొత్త బండిలో ఎక్కించి హోసూరు కొండమీది చంద్రచూడేశ్వరుడి గుడికి తీసుకువచ్చాడు డ్రైవరు. తెలిసిన దారే అయినా అక్కకు చూపిద్దామని ఫోను పెట్టాడు. ఊరి పేరు కాస్త వంకరగా పలికింది గాని, మిగతాదంతా బాగానే చెప్పింది. దిగుతూ మా అక్క అడిగింది, "ఎవరి పిల్లరా అది, దారి పొడుగునా తెలుగులో మాట్లాడింది?"