సీజన్ టిక్కెట్టు - ఇంటిల్లిపాది ఆరోగ్యం

"కాపురం తెనాలిలో, ఉద్యోగం బెజవాడలో. రోజూ ఇలా రైల్లో తిరిగితే ఆరోగ్యం పాడవుతుందా డాక్టరుగారూ?" అని నన్ను చాలామంది అడుగుతుంటారు. రైలెక్కినంత మాత్రాన ఆరోగ్యం పాడవదు. ఆ రైలు అందుకోవడం కోసం మీరు వేళకు తిండి, చాలినంత నిద్ర మానేస్తే మాత్రం తప్పకుండా పాడవుతుంది.

ఊరు మారమని నేను చెప్పబోవడం లేదు. తెనాలి సంసారులకు అనువైన ఊరు. ఊళ్ళోంచి మూడు కాలువలు పారుతున్నాయి. 2011 జనాభా లెక్కల ప్రకారం 1,60,000 పైచిలుకు జనం ఉన్నారు. అంటే మరీ పల్లెటూరు కాదు, ఊపిరాడని మహానగరమూ కాదు. పిల్లలు బడికి నడిచి వెళ్ళవచ్చు. ఒంట్లో బాగోలేకపోతే వచ్చి చూసే అయినవాళ్ళు దగ్గర్లోనే ఉంటారు. జంక్షను కాబట్టి గుంటూరుకూ, విజయవాడకూ బళ్ళున్నాయి. ఇన్ని సుఖాలున్న ఊరిని ఎవరు వదులుకుంటారు?

అయితే ఒక్కసారి లెక్క వేసి చూడండి. బండిలో కూర్చునేది ముప్పావు గంటే అనుకుందాం. ఇంటి నుంచి స్టేషనుకు, ప్లాట్‌ఫారం మీద ఎదురుచూపు, దిగాక ఆఫీసుకు ఆటో, అన్నీ కలిపితే గంటన్నర. రానూ పోనూ మూడు గంటలు. నెలకు 25 పనిదినాలైతే 75 గంటలు! నెలలో మూడు పగళ్ళు, మూడు రాత్రుళ్ళకు పైగా దారిలోనే గడిచిపోతున్నాయన్నమాట. చాలా ఇళ్ళలో ఈ గంటలన్నీ నిద్రలోంచే కోత పడుతున్నాయి.

రాత్రి ఎనిమిదిన్నరకు ఇల్లు చేరి, తొమ్మిదిన్నరకు భోంచేసి, టీవీయో సెల్‌ఫోనో చూసి పదకొండున్నరకు పడుకునే మనిషి తెల్లవారి ఐదింటికి లేస్తే నిద్ర ఐదున్నర గంటలే. పెద్దవాళ్ళకు కనీసం ఏడు గంటలు కావాలి. ఏళ్ళ తరబడి నిద్ర చాలకపోతే రక్తపోటు, మధుమేహం, ఊబకాయం వచ్చే అవకాశం పెరుగుతుంది. క్యారేజీ సర్దడానికి నాలుగున్నరకే లేచే ఇల్లాలి సంగతి ఎవరైనా ఆలోచించారా? ప్రయాణం ఒకరిదే అయినా అలసట ఇద్దరిదీ. కూరలు రాత్రే తరిగిపెట్టడం, క్యారేజీ ఎవరిది వారే సర్దుకోవడం మగవారికి చేతకాని పనులేమీ కావు.

నాన్నగారి కోసం పిల్లలు రాత్రి పదింటిదాకా మేలుకోవడం కూడా మంచిది కాదు. 6 నుంచి 12 ఏళ్ళ పిల్లలకు రోజూ 9 నుంచి 12 గంటల నిద్ర అవసరం. వాళ్ళను తొమ్మిదిలోపే పడుకోబెట్టి పెందలాడే లేపండి. ఉదయం ఓ పావుగంట తండ్రీ పిల్లలూ కలిసి కూర్చుని ఇడ్లీ తినండి. రాత్రి ఆవులిస్తూ చెప్పుకునే కబుర్ల కన్నా అదే మేలు.

ఉదయం ఏమీ తినకుండా పరుగెత్తకండి. ముఖ్యంగా మధుమేహానికి ఇన్సులిన్, కొన్ని రకాల మాత్రలు వాడేవారు మందు వేసుకుని తిండి మానేస్తే రక్తంలో చక్కెర ఒక్కసారిగా పడిపోతుంది. చెమటలు, వణుకు, కళ్ళు తిరగడం దాని గుర్తులు. జేబులో పంచదార పొట్లం ఉంచుకోండి. అవసరమైతే మూడు చెంచాలు నీళ్ళలో కలుపుకు తాగండి. పావుగంటలో తగ్గకపోతే మళ్ళీ తాగి, వైద్యసహాయం తీసుకోండి.

ఉద్యోగాలకు వెళ్ళే ఆడవారు చాలామంది దారిలో ఇబ్బంది అని మంచినీళ్ళు తాగడం మానేస్తారు. మూత్రం గంటల తరబడి ఆపుకుంటారు. ఇది పొరపాటు. మూత్రంలో మంట, ఇన్‌ఫెక్షను, కొందరిలో రాళ్ళు కూడా రావచ్చు. ఇంట్లోంచి బయలుదేరే ముందు, ఆఫీసు చేరగానే, తిరిగి బండెక్కే ముందు మూత్రవిసర్జన అలవాటు చేసుకోండి. నీళ్ళు మాత్రం తగ్గించకండి. మంటతోపాటు చలిజ్వరం, నడుము పక్కన నొప్పి ఉంటే అదే రోజు డాక్టరుకు చూపించుకోవాలి.

అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి మరొకటుంది. బండి కోసం వంతెన మెట్లెక్కుతుంటే గుండె మీద బరువు పెట్టినట్టయి, నొప్పి ఎడమ చేతికో దవడకో పాకి, చెమటలు పడితే "గ్యాస్ అయి ఉంటుందిలే" అని సోడా తాగి బండెక్కకండి. కూర్చుండిపోయి, పక్కవారికి చెప్పి, 108కి ఫోను చేయించండి. అప్పటికే బండిలో ఉంటే 139కి చెప్పండి. గుండెపోటులో ప్రతి నిమిషమూ విలువైనదే. ఆఫీసుకు ఆలస్యమైతే ఒక పూట సెలవు పోతుంది, అంతే.

ఆదివారం మధ్యాహ్నం దాకా పడుకుంటే వారం బాకీ తీరిపోదు. సోమవారం లేవడం మరింత కష్టమవుతుంది. రోజూ లేచే వేళకు ఓ గంట అటూ ఇటుగా లేచి, ఇంటిల్లిపాదీ కాలువగట్టున అరగంట నడిచి రండి. ఇంటికొచ్చాక, ఎవరు ఎన్నింటికి లేస్తున్నారో, ఎన్నింటికి పడుకుంటున్నారో ఒక కాగితం మీద రాసి క్యాలెండరు పక్కన అంటించండి. అందులో ఇల్లాలి పేరు మొదట రాయండి. నిద్ర ఎవరికి తక్కువైందో మీకే తెలుస్తుంది.