వైఫైకి తాళం వెయ్యండి బాబూ!

పక్కింటివాళ్లు మన వైఫై వాడుకుంటే మన సొమ్మేం పోయింది, పాస్‌వర్డ్ ఎందుకూ అనే ఉదారహృదయులు మన ఐటీ జనాల్లో ఇంకా ఉన్నారు. వీళ్లకి పెద్ద అండ బ్రూస్ ష్నయర్. సెక్యూరిటీ రంగంలో అంత పేరున్న మనిషి, తన ఇంటి వైఫై తెరిచే ఉంచుతానని 2008లో రాశాడు. ఇంటికొచ్చినవాళ్లకి టీ ఇవ్వడం లాంటి మర్యాదట అది!

నేనొప్పుకోను. మనింట్లో టీ తాగి వెళ్లినవాడు బయట చేసే పనికి మనం జవాబు చెప్పక్కర్లేదు. మన నెట్ వాడి చేసిన పనికి మాత్రం ముందు మనల్నే అడుగుతారు.

అదే ఏడాది జులై 26న, అహ్మదాబాద్ పేలుళ్లకి కొద్ది నిమిషాల ముందు మీడియాకి బెదిరింపు మెయిల్ వెళ్లింది. ఐపీ అడ్రస్ పట్టుకుని పోలీసులు నవీ ముంబైలో ఓ ఫ్లాటుకి చేరారు. అక్కడ అద్దెకున్న అమెరికన్ వైఫైకి తాళం లేదు. వాడుకున్నది ఎవరో, ప్రశ్నలు ఈయనకి. వైఫై భద్రత గురించి టెలికాం శాఖ ఐఎస్పీలకి ఆదేశాలిచ్చింది 2009 ఫిబ్రవరిలో. దొంగలు పడ్డ ఆర్నెల్లకి కుక్కలు మొరగడం అంటే ఇదే.

"ఇప్పుడన్నీ హెచ్‌టీటీపీఎస్సే కదా గురూ" అంటారా? అది మీ బ్యాంకు పాస్‌వర్డ్‌ని కాపాడుతుంది, మీ ఐపీ మీదున్న మీ పేరుని కాదు. పైగా నెట్‌వర్క్‌లోకి వచ్చినవాడికి రౌటర్ అడ్మిన్ పేజీ, ఇంట్లో కెమెరా చేతికందే దూరంలో ఉంటాయి.

ఇక, మేం తాళం వేశాం అనుకునేవాళ్ల సంగతి. కనెక్షన్ ఇచ్చిన కుర్రాడు మీ మొబైల్ నంబరే పాస్‌వర్డ్‌గా పెట్టి పోయుంటాడు, మీరు మార్చి ఉండరు. మన నంబర్లు 6, 7, 8, 9లతోనే మొదలవుతాయి కాబట్టి మొత్తం 400 కోట్లకి మించవు. డబ్ల్యూపీఏ2లో మీ ఫోన్ కనెక్టయ్యేటప్పటి హ్యాండ్‌షేక్ దొరికితే చాలు, ఇంటికెళ్లి తీరిగ్గా అన్నీ వేసి చూడొచ్చు. మంచి గ్రాఫిక్స్ కార్డుకి కొన్ని గంటల పని. ఎస్ఎస్ఐడీ దాచడం, మ్యాక్ ఫిల్టర్ పెట్టడం అసలు తాళాలే కావు. ఆ రెండూ గాల్లో బహిరంగంగా తిరుగుతూనే ఉంటాయి.

మరి పక్కింటి పిల్లకి ఆన్‌లైన్ పరీక్ష ఉంటే? గెస్ట్ నెట్‌వర్క్ పెట్టి, పాస్‌వర్డ్ మీరే చెప్పండి. మొహం తెలిసినవాళ్లకి ఇస్తే సాయం. ఎవడో తెలియకుండా ఇస్తే మన పేరు అప్పివ్వడం.

పది నిమిషాల పని. డబ్ల్యూపీఏ3 ఉంటే అది, లేకపోతే డబ్ల్యూపీఏ2. పాస్‌వర్డ్‌గా ఒకదానికొకటి సంబంధం లేని ఐదారు తెలుగు మాటలు ఇంగ్లీషు అక్షరాల్లో.

కాదు, తెరిచే ఉంచుతామంటారా? మీ ఇష్టం. మీ పేరు మీద నోటీసొస్తే చదువుకోవాల్సిందీ మీరే!