అన్నం తగ్గించే ముందు కూర మార్చండి



మండపేటలో వైద్యవృత్తి సాగించిన సంవత్సరాలలో మధుమేహ రోగులకు నేను అన్నిటికన్నా ఎక్కువసార్లు చెప్పినదీ, అన్నిటికన్నా తక్కువ ఫలించినదీ ఒకే మాట: "అన్నం తగ్గించండి, కూర ఎక్కువ తినండి." ఆ సలహాలో తప్పు లేదు. కాని అది సగమే సలహా అని నాకు ఆలస్యంగా తెలిసింది. తెలియజెప్పినది ఒక రోగి భార్య.

ఆయన ధాన్యం మిల్లులో గుమస్తా. యాభై దాటిన వయస్సు, చాలాకాలపు మధుమేహం, దానికి తోడు రక్తపోటు. నా మాట మీద గౌరవంతో పది రోజులు అన్నం దాదాపు మానివేసి, ఇంట్లో వండిన కూరనే గిన్నెడు చొప్పున తిన్నారు. పదకొండవ రోజున కడుపులో మంటతో, పాదాలకు వాపుతో, పెరిగిన రక్తపోటుతో వచ్చారు. చక్కెర తగ్గిన మాట నిజమే. అయినా "ఇక నా వల్ల కాదండి" అన్నారు. వెంట వచ్చిన ఆయన భార్య నెమ్మదిగా ఇలా అన్నారు: "డాక్టరు గారూ, ఆ కూర అన్నంలో కలుపుకోవడానికి వండిందండీ. ఉప్పూ కారం అన్నానికి కూడా సరిపడా వేస్తామండీ. ఒట్టి కూర తినమంటే మనిషి ఎలా తింటాడండీ?"

ఆనాడు నా వద్ద సమాధానం లేదు. ఈ వ్యాసం ఆ ప్రశ్నకు ఆలస్యంగా రాస్తున్న జవాబు.

మన కూర ఎవరి కోసం?

గోదావరి డెల్టా వరి దేశం. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి కాలువలు పారిన తరువాత ఈ నేల రూపే మారిపోయింది. సార్వా, దాళ్వా అంటూ మన సంవత్సరాన్ని కూడా వరి పంటతోనే లెక్కిస్తాము. మన వంటల పేర్లే చూడండి: పప్పన్నం, పులుసన్నం, పెరుగన్నం. ప్రతి మాట చివరా అన్నమే. అన్నం చప్పన, దానికి రుచి ఇవ్వడం కూర పని. చిన్న గరిటెడు కూర కంచెడు అన్నాన్ని నడిపించాలి గనుక ఉప్పు, కారం, పులుపు, నూనె అన్నీ ఆ లెక్కనే పడతాయి. అన్నం తీసివేసి అదే కూరను నాలుగింతలు తింటే ఉప్పూ నూనే కూడా నాలుగింతలు లోపలికి పోతాయి. నా రోగికి జరిగినది అదే.

అన్నం ఎందుకు తగ్గించాలన్నది అంకెలతో చూద్దాం. 100 గ్రాముల తెల్ల బియ్యంలో సుమారు 78 గ్రాములు పిండిపదార్థమే. పూటకు 150 గ్రాముల బియ్యం వండుకు తినే మనిషికి ఆ ఒక్క పూటలో దాదాపు 117 గ్రాములు అందుతుంది. రోజు మొత్తానికి 130 గ్రాముల లోపు ఉంటే దానిని తక్కువ పిండిపదార్థపు ఆహారమని వైద్యులు సాధారణంగా అంటారు. ఒక్క పూట అన్నంతోనే ఆ కోటా ఇంచుమించు పూర్తవుతుంది. భారత వైద్య పరిశోధన మండలి దేశమంతటా జరిపించిన సర్వే ఫలితాలు 2023లోనూ 2025లోనూ వెలువడ్డాయి. మన దేశంలో 10 కోట్ల మందికి పైగా మధుమేహం ఉన్నదని మొదటిది చెప్పింది. మన ఆహారశక్తిలో సుమారు 62 శాతం పిండిపదార్థాల నుంచే వస్తున్నదని రెండవది చెప్పింది.

ఇక కూరగాయల సంగతి. ఆనపకాయ, బీరకాయ, పొట్లకాయ, దోసకాయ, వంకాయ, బెండకాయ, దొండకాయ, క్యాబేజీ, ఆకుకూరలు: వీటిలో 100 గ్రాములకు పిండిపదార్థం సుమారు 5 గ్రాముల లోపే. 300 గ్రాముల ఆనపకాయ తిన్నా 15 గ్రాములు దాటదు. బంగాళాదుంప, కంద, చేమ, పెండలం, చిలగడదుంప, కూర అరటికాయ మాత్రం వేరే జాతి. వాటిలో 100 గ్రాములకు సుమారు 15 నుంచి 25 గ్రాముల దాకా ఉంటుంది. కంద బచ్చలి మన ప్రాంతపు ఘనమైన వంటే. అయితే దానిని కూరగా గాక అన్నంలో భాగంగా లెక్కించాలి.

2018 ప్రాంతంలో వీరమాచనేని రామకృష్ణ గారి ఆహార విధానం కోస్తా జిల్లాలలో ఇంటింటా చర్చకు వచ్చినప్పుడు, ధాన్యం మానివేయడమన్న ఆలోచన మొదటిసారిగా మన వంటిళ్ళలో ప్రవేశించింది. ఆ పద్ధతి మంచిచెడ్డలు ఇక్కడ నా విషయం కాదు. ఆ రోజులలో నేను గమనించిన సంగతి ఒకటి చెబుతాను. ఏ పద్ధతి పట్టినవారైనా వదిలివేయడానికి చెప్పిన కారణం ఆకలి కాదు. "ఏం వండుకోవాలో తెలియడం లేదు" అన్నదే. అందుకు నా అభిప్రాయం ఇది: అన్నం తగ్గించడం రోగి పని కాదు, వంటింటి పని. ఒట్టిగా తినగలిగేలా కూర వండడం వచ్చిన ఇంట్లో అన్నం దానంతట అదే తగ్గుతుంది.

ఇందుకు కొత్త వంటలేవీ అక్కర లేదు. క్యాలీఫ్లవరును తురిమి అన్నమని పిలిచే అవసరమూ లేదు. మన అమ్మమ్మల వంటలలోనే, తక్కువ ఉప్పుతో తక్కువ నూనెతో రుచి తెచ్చే పద్ధతులు ఉన్నాయి. ఇద్దరికి అరకిలో కూరగాయ అనుకుంటే అర చిన్న చెంచా ఉప్పు, రెండు చిన్న చెంచాల నూనె చాలు. కారం సగానికి దింపండి. మిగిలిన రుచి ఎక్కడి నుంచి తేవాలో వరుసగా చెబుతాను.

మగ్గబెట్టడం

ఆనప, బీర, పొట్ల కాయలలో నూటికి తొంభై పాళ్ళకు పైగా నీరే. పోపులో ముక్కలు వేసి, ఉప్పు ముందే చల్లి, మూత పెట్టి సన్నని సెగ మీద ఉంచండి. ఉప్పు ముక్కలోని నీటిని బయటికి లాగుతుంది. ఆ నీటిలోనే కూర ఉడుకుతుంది. వేరే నీరు పోయవద్దు. ముక్క మెత్తబడ్డాక అరకప్పు పాలు పోసి రెండు నిమిషాలు ఉంచి దించండి. పాలు పోసిన పొట్లకాయ కూర మనకు తెలియనిది కాదు. అది కమ్మగా ఉంటుంది గనుక ఉప్పు తక్కువైనా నాలుక అడగదు. పాలు పడనివారు రెండు చెంచాల పచ్చికొబ్బరి కోరు గాని, వేయించి దంచిన నువ్వుల పొడి గాని చల్లుకోవచ్చు.

ఆవ పెట్టడం

పనసపొట్టు కూరకు పెట్టే ఆవను క్యాబేజీకి, పొట్లకాయకు, గోరుచిక్కుడుకు కూడా పెట్టవచ్చు. ఒక చిన్న చెంచా ఆవాలు, ఒక ఎండుమిరపకాయ, చిన్న అల్లం ముక్క కొద్ది నీటితో మెత్తగా నూరండి. ఆవాలలోని ఘాటు నూరి తడి తగిలినప్పుడే పుడుతుంది, పొయ్యి మీద ఎక్కువసేపు ఉంచితే పోతుంది. కనుక కూరను దించి, కొంచెం చల్లారిన తరువాతనే ఈ ముద్ద కలపండి. ముక్కుకు ఎక్కే ఆ ఘాటు ముందు ఉప్పు లోటు కనబడదు.

పిండి లేని మజ్జిగపులుసు

మజ్జిగపులుసు చిక్కబడడానికి శనగపిండో బియ్యప్పిండో కలపడం అలవాటు. దానికి బదులుగా పచ్చికొబ్బరి, అల్లం, పచ్చిమిర్చి, జీలకర్ర నూరి కలపండి. ముక్కలను ముందుగా విడిగా ఉడికించి, మజ్జిగను చివరికి పోసి, సన్నని సెగ మీద కలుపుతూ, మరగక ముందే దించండి. మరిగితే విరుగుతుంది. ఆనపకాయ, దోసకాయ, బెండకాయ దీనికి బాగుంటాయి. గిన్నెలో పోసుకుని చెంచాతో తాగవచ్చు.

కాల్చడం

నాలుగు వంకాయలను మంట మీద కాల్చి, తొక్క తీసి, చిదిమి, చల్లారాక పెరుగులో కలిపి చిన్న పోపు పెట్టండి. నూనె పోపుకు తప్ప అక్కర లేదు. అదే వంకాయను వేయిస్తే స్పాంజిలా నూనె పీలుస్తుంది. ఒక పెద్ద చెంచా నూనెలో సుమారు 120 కిలోకేలరీలు ఉంటాయన్న సంగతి గుర్తుంచుకోండి. పిండిపదార్థం తగ్గిందన్న ధైర్యంతో నూనెను లెక్క లేకుండా పోసుకోవడం నేను తరచుగా చూసిన పొరపాటు.

పులుపుకు బెల్లం లేని దారి

చింతపండు పులుసులో పులుపును విరవడానికి బెల్లం వేస్తాము. ఆ బెల్లం పిండిపదార్థమే. చుక్కకూర, చింతచిగురు, గోంగూర, పచ్చిమామిడి వాడితే కూరలోనే పులుపు ఉంటుంది. తోటకూర, చుక్కకూర సగం సగం కలిపి, వెల్లుల్లి పోపుతో మగ్గబెడితే రెండు నిమిషాల పని. ఆకుకూరను కడిగిన తరువాతే తరగండి. ఉడికించిన నీటిని పారబోయకండి.

మాంసకృత్తులు చేర్చడం

ఒట్టి కూరగాయలతో గంటన్నరలో మళ్ళీ ఆకలి వేస్తుంది. కడుపు నిలవాలంటే మాంసకృత్తులు కావాలి. మన చుట్టూ కోళ్ళ ఫారాలు ఉన్నాయి. గుడ్డుకు కొరత లేదు. బీరకాయ మగ్గాక రెండు గుడ్లు కొట్టి కలిపితే పొరటు అవుతుంది. ఒక్కొక్క గుడ్డు సుమారు 6 గ్రాముల మాంసకృత్తులను ఇస్తుంది. ఆనపకాయ రొయ్యలు, చింతచిగురు రొయ్యలు ఎలాగూ మనవే. శాకాహారులు పెసరపప్పును పిడికెడుకు మించకుండా కూరలో వేసుకోవచ్చు. పెరుగు, పనీరు, వేరుశనగ పొడి, నువ్వులు చేర్చుకోవచ్చు.

కంచంలో వరుస

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ప్రకటించిన మార్గదర్శకాలలో రోజుకు 400 గ్రాముల కూరగాయలు, ఆకుకూరలు తినమని ఉంది. మనలో ఎక్కువమంది అందులో సగం కూడా తినరని నా అనుభవం. కంచంలో సగం కూరతో నింపండి. ముందు కూర, దానితో గుడ్డో పప్పో తినండి. అన్నం చివర వడ్డించుకోండి. ఇలా వరుస మార్చినంత మాత్రానే భోజనం తరువాతి చక్కెర తక్కువగా పెరుగుతుందని పరిశోధనలు చూపాయి. అప్పటికి కడుపు సగం నిండి ఉంటుంది గనుక రెండు గరిటెల అన్నంతో తృప్తి కలుగుతుంది. అన్నాన్ని పూర్తిగా మానమని నేను చెప్పను. వారానికో పది రోజులకో తెగిపోయే కఠిన నియమం కన్నా ఏళ్ళ తరబడి నిలిచే సగం నియమం మేలు.

తప్పక చదవవలసిన హెచ్చరిక

ఇది వంట వ్యాసమే అయినా, అన్నం తగ్గించడం మందు మోతాదు మార్చడమంత పని. గ్లిమిపిరైడ్ వంటి మాత్రలు గాని ఇన్సులిన్ గాని వాడేవారు అన్నం తగ్గించి మందును అలాగే ఉంచితే చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. చెమట, వణుకు, గుండెదడ, తికమక దాని గుర్తులు. అవి కనబడితే వెంటనే మూడు చిన్న చెంచాల చక్కెర నీటిలో కలిపి తాగాలి. స్పృహ లేని మనిషి నోటిలో ఏదీ పోయరాదు, ఆసుపత్రికి తీసుకుపోవాలి. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వంటి మాత్రలు వాడేవారు పిండిపదార్థాన్ని బాగా తగ్గిస్తే రక్తంలో కీటోన్లు పెరిగే ప్రమాదం ఉంది. మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి ఆకుకూరలలోని పొటాషియం చేటు చేయవచ్చు. రక్తం గడ్డకట్టకుండా వార్‌ఫరిన్, అసెనోకుమరాల్ వాడేవారు ఆకుకూరలను ఒక్కసారిగా పెంచరాదు. గర్భిణులు సొంతంగా ఇటువంటి నియమాలు పెట్టుకోరాదు. వీరంతా ముందుగా తమ వైద్యునితో మాట్లాడాలి.

చివరిగా ఒక మనవి. మన ఇళ్ళలో నియమం పట్టేది ఒకరు, వండేది మరొకరు. రోగికి వేరే కూర, ఇంటిల్లిపాదికి వేరే కూర అంటే ఆ భారమంతా వండే మనిషి మీద పడుతుంది. పది రోజులలో అది ఆగిపోతుంది. ఉప్పు, కారం తగ్గించిన కూర ఒక్కటే అందరికీ వండండి. చాలని పిల్లలు కంచంలో కాస్త పచ్చడి వేసుకుంటారు. వండేవారు మగవారైతే మరీ మంచిది. ఆనపకాయ తరగడానికి వైద్యుని అనుమతి అక్కర లేదు.

ఆ గుమస్తా గారి భార్యతో ఆ తరువాత ఒకనాడు కూర్చుని, ఆమె వండే కూరలన్నీ అడిగి తెలుసుకుని, ఏది ఎలా మార్చవచ్చో ఇద్దరమూ కలిసి రాసుకున్నాము. పైన చెప్పిన వాటిలో సగం ఆమె చెప్పినవే. ఆయన మందులు మానలేదు. మోతాదు మాత్రం తగ్గించగలిగాము. అన్నం ఇప్పటికీ తింటారు, రెండు గరిటెలు, కూర తిన్న తరువాత.

ఈ రాత్రి మీ ఇంట్లో ఏ కూర వండుతున్నారో ఒకసారి అడగండి. అన్నం లేకుండా గిన్నెడు తినగలిగేటట్టు ఉందా? లేకపోతే మార్పు అక్కడి నుంచే మొదలు పెట్టండి.