పరిశోధన వ్యాసము – పలువురి సాక్ష్యము

ఉన్నత తరగతుల విద్యార్థులచే పరిశోధన వ్యాసములు వ్రాయించుట నేడు పాఠశాలలలో వాడుకయైనది. ఆచారము మంచిదే. కాని పెక్కు వ్యాసములలో పరిశోధన కానరాదు, ప్రతిలేఖనమే కానవచ్చును. ఒక పుస్తకమునుండియో, అంతర్జాలమునందలి ఒక పుటనుండియో ఎత్తి వ్రాసి, అందమైన అట్ట వేసి యిచ్చినంత మాత్రమున విద్యార్థి యేమి నేర్చినట్లు? ఇది బాలుర దోషమని మేము తలపము. వెదకు త్రోవ చూపవలసినవారు ఉపాధ్యాయులు.

చేవెళ్ల, మొయినాబాదు ప్రాంతముల బాలబాలికలు విషయమునకై దూరము పోనక్కరలేదు. గండిపేట చెరువును, హిమాయత్ సాగరమును ముంగిటనే యున్నవి. 1908 సెప్టెంబరు 28న మూసీనది పొంగి హైదరాబాదు నగరమును ముంచెను. మరుసటి యేట నిజాము ప్రభుత్వము మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని రప్పించి ఉపాయమడుగగా, ఎగువను జలాశయములు నిర్మింపవలెనని వారు సూచించిరి. మూసీపై ఉస్మాన్ సాగరమనబడు గండిపేట చెరువు 1920లోను, ఈసానదిపై హిమాయత్ సాగరము 1927లోను పూర్తియయ్యెను. ఇంతవరకు ఏ పుస్తకమందైనను దొరకును. ఇచ్చటనే ఆగిన వ్యాసము సగపు వ్యాసము.

ఆ వరదలో మరణించినవారెందరు? కొందరు 15,000 మంది యనియు, కొందరు 50,000 మంది యనియు వ్రాయుచున్నారు. విద్యార్థి తనకు నచ్చిన అంకెను గ్రహింపరాదు. చెప్పినవారెవరు, ఎప్పుడు చెప్పిరి, వారికాధారమేమి యని విచారింపవలెను. అప్పటికిని తేలనిచో రెండంకెలను వ్రాసి, తేలలేదని చెప్పుటయే సత్యము.

విశ్వేశ్వరయ్యగారు తమ యనుభవములను 1951లో ఆంగ్లమున గ్రంథముగా ప్రకటించిరి. అది ఇంజనీరు సాక్ష్యము. నిజాము కాలపు కాగితములు పెక్కు ఉర్దూలో నున్నవి. ఊరిలో ఉర్దూ చదువగల పెద్దలను ఆశ్రయించుట యెంతమాత్రము చిన్నతనము కాదు. జలాశయముల రక్షణకై 84 గ్రామములలో కట్టడములను నియంత్రించిన 1996 నాటి 111వ ప్రభుత్వోత్తరువును, ఆ ఆంక్షలను తొలగించిన 2022 నాటి 69వ యుత్తరువును మూలమునందే చదువవలెను. పిమ్మట భూమిగల రైతును, ఆ నీరు త్రాగిన నగరవాసిని వేర్వేరుగ అడుగవలెను. ఇద్దరి మాటలు ఒక్కటి కావు. ఏల కావో తెలిసికొనుటయే పరిశోధన.

నగరము రక్షింపబడెనని పుస్తకము చెప్పును. ఆ నీటిక్రింద ఎవరి పొలము మునిగెను? ఏ బాట మూసికొనిపోయెను? ఈ ప్రశ్నలకు ఊరి వృద్ధులను, పాత పహాణీలను, పటములను అడుగవలెను. నగరమునుగూర్చిన పుస్తకమొక్కటి చూచి వ్రాసిన మొయినాబాదు బాలుడు తన యూరిని చరిత్రనుండి తానే కొట్టివేసినవాడగును. ఇంతకంటె పెద్ద నష్టము వేరేమి కలదు?

సురవరం ప్రతాపరెడ్డిగారు 1949లో వెలువడిన తమ ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ను రాజుల యుద్ధములతో నింపలేదు. కావ్యములను, శాసనములను, సామెతలను వెదకి సామాన్య జనుల జీవితమును బయటికి తీసిరి. అట్లని పెద్దలు చెప్పినదెల్ల వేదమని మేమనము. జ్ఞాపకము జారును, కాగితము కొన్నిటిని దాచును. ఒకదానితో నొకటి సరిచూచినప్పుడే రెండింటికిని విలువ.

కనుక ఉపాధ్యాయులకు మా మనవి యిది. విషయము చిన్నదిగా నీయుడు. ‘మూసీ చరిత్ర’ యనక, ‘మా యూరి వాగు నీరెచ్చటికి పోవును?’ అని యడుగుడు. పుస్తకము, ప్రభుత్వపత్రము, మనుష్యుని నోటిమాట, స్వయముగ చూచినది అను నాలుగింటిలో మూడైనను ఉండవలెనని నియమింపుడు. ఏది యెచ్చట, ఏనాడు, ఎవరివలన తెలిసినదో వేరొక పుస్తకములో వ్రాయింపుడు. మార్కులలో సగము ఆ పుస్తకమునకే యిండు. అట్లు చేసినచో అట్ట అందమునకు విలువ తగ్గి, అడుగు ధైర్యమునకు విలువ హెచ్చును. అడుగనేర్చిన బాలుడు రేపు పౌరుడై, ఒక్కరి మాట విని తీర్పు చెప్పడు.